జానెడు నల్లమన్ను

యంజ్‌మా పుట్టిన ఆ గడ్డి మైదానంలో నల్లమన్ను లోతు జానెడు. దాని కింద పసుపుపచ్చని గుల్లమట్టి, ఆ కింద బొగ్గు. ఆ జానెడూ పేరుకోవడానికి ఎన్ని వేల ఏళ్లు పట్టిందో లెక్కగట్టిన పండితులున్నారు. గీకి కుప్ప పోయడానికి మాత్రం మూడు రోజులు చాలింది. పదకొండేళ్ల కిందట గని యంత్రాలు వచ్చినప్పుడు ఆమె పాలబిందె దించి వాటికి అడ్డంగా కూర్చుంది. నల్లమన్ను విడిగా పోస్తేనే లేస్తానంది. పోశారు. నాటి నుంచీ ఆ కుప్పకు ఆమే కాపలా. కూరమడులకని పట్నం నుంచి వచ్చిన లారీ మీదికి కుక్కను ఉసిగొల్పింది. "నాకన్నా దానికే సేవ ఎక్కువ" అని భర్త లొదోయ్ వచ్చిన చుట్టాలందరికీ చెప్పుకునేవాడు.

బొగ్గు అయిపోయింది. గొయ్యి పూడ్చి, గని ఇంజనీరు తుమెన్ ఆ మన్నును ఏప్రిల్‌లోనే పైన పరిపించాడు. అక్కడ గడ్డి విత్తేది జూన్ వానలకు. ఈలోపల ఉన్నదంతా గాలి.

"ఆగమని చెప్పానా లేదా, తమ్ముడూ?" యంజ్‌మా తుమెన్‌ను నిలదీసింది.

"చెప్పావక్కా. మే లోపల ముగించమని పైవాళ్లు..."

"పైవాళ్లుండే చోట గాలి వీచదు కాబోలు."

వాయవ్యాన ఆకాశం పసుపు తిరుగుతోంది. గుర్రాలన్నీ అప్పటికే అటు వీపు పెట్టి నిలబడ్డాయి. మధ్యాహ్నానికల్లా ఇసుకతుఫాను వచ్చేస్తుంది. మన్ను తడపడానికి నీళ్లబండి తెప్పిద్దామంటే నూరు మైళ్ల అవతల ఉంది.

యంజ్‌మా తన గొర్రెలదొడ్డి వైపు చూసింది. దాని గోడంతా పెంటిక దిమ్మలే. ఏళ్ల తరబడి గిట్టల కింద గట్టిపడ్డ పెంటికను పారతో ఇటుకల్లా కోసి, రొమ్ము ఎత్తున పేర్చినవి. వాటి చాటున అరవై గొర్రెపిల్లలు. కొన్నింటికి బొడ్డుతాడైనా ఎండలేదు.

"గోడ విప్పండి. మన్ను మీద గాలికి అడ్డంగా వరసలు పేర్చాలి."

లొదోయ్ ఉలిక్కిపడ్డాడు. "నీ మట్టికి గోడ కట్టి నా పిల్లల్ని గాలికి వదుల్తావా?"

"పిల్లలు గుడారంలోకి."

"తల్లులో?"

ఆమె అప్పటికే రెండు పిల్లల్ని చంకనెత్తుకుంది.

"మరి నేనెక్కడ పడుకోను?"

"గడ్డమున్న పిల్లవు నువ్వొక్కడివే. వాకిట్లో ఉండు."

లొదోయ్ నవ్వలేదు. కాసేపు ఆకాశాన్ని చూసి, గునపం తెచ్చి మొదటి దిమ్మను తనే పెకలించాడు.

తుమెన్ నలుగురు పనివాళ్లతో లారీ తోలాడు. మూడు గంటల్లో ఇరవై ఆరు వరసలు వేశారు, మోకాలెత్తున. తూర్పు చివర ఇంకా ఖాళీగా ఉండగానే సూర్యుడు రాగిరేకైపోయాడు. తలకు గుడ్డ చుట్టుకుని ఇంకో దిమ్మ కోసం పోతున్న యంజ్‌మాను తుమెన్ రెక్క పట్టి లారీలోకి లాగాడు.

ఆపైన చూడ్డానికేమీ లేదు. అద్దాన్ని ఇసుక గోకుతున్న చప్పుడొక్కటే. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఎదుటి అద్దం నుంచి పక్క అద్దానికి మారింది.

"గాలి ఉత్తరానికి తిరిగింది" అందామె. "వరసల సందుల్లోంచి దూరుతుంది."

"అక్కా, నాదే తప్పు."

"తెలుసు. తలుపు గట్టిగా పట్టుకో, ఊడేట్టుంది."

సాయంత్రం పొద్దుండగానే గాలి తగ్గింది. పడమటివైపు వరసల వెనక మన్ను నల్లగా, ముడతలు ముడతలుగా నిలిచింది. తూర్పున మూడోవంతు మేర పసుపుమట్టి పైకి తేలింది. దొడ్డి ఉండిన చోట మూడు గొర్రెలు చచ్చిపడి ఉన్నాయి. లొదోయ్ వాటి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు; ఆమెకేసి చూడలేదు.

"దిమ్మలు వెనక్కి పంపించనా?" తుమెన్ అడిగాడు.

"కదిపితే ఉన్నదీ పోతుంది. జూన్ దాకా అక్కడే ఉండనీ."

"గొర్రెలకి?"

"మీ గని రేకులున్నాయిగా. చీకటి పడకముందే తెచ్చి నిలబెట్టు. ఎక్కడ కావాలో ఆయన్ను అడిగి నిలబెట్టు."

తుమెన్ లారీ తీశాడు. ఆమె తూర్పు కంచె దగ్గరికి నడిచింది. తీగల అడుగున నల్లమన్ను కొంత తట్టుకుని ఆగింది, ముళ్లకంపతో కలిసి. గోనెసంచీ విప్పి, కంప ఏరి పారేసి, దోసిళ్లతో ఎత్తసాగింది. రెండో సంచీ సగమయ్యేసరికి లొదోయ్ పార పట్టుకుని వచ్చాడు. ఆమె సంచీ మూతి వెడల్పు చేసి పట్టుకుంది.