ఎండిన చెరువులో గాలమేసిన రోజులు

మొన్నొక సాయంత్రం మా పక్కింటి కోడలు తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టి, సెలవులకు చేపలు పట్టే టూరుకు పోతున్నామని సంబరంగా చూపించింది. నీలం నీళ్ళు, తెల్ల పడవ, దాని కింద ఏ చేప ఏ నెలలో పడుతుందో, ఏ ఎరకు వస్తుందో, ఎంత బరువు తూగుతుందో అన్నీ రాసి ఉన్నాయి. విమానం టికెట్లు, గది, పడవ, గాలం, చివరికి ఆ గాలం పట్టుకోవడం నేర్పే మనిషితో సహా కూర్చున్న చోటే మాట్లాడేసుకుందట. మంచిదమ్మా, జాగ్రత్తగా పోయి రండి అని ఫోను తిరిగి ఇచ్చేశాను గానీ, ఆ పూట నా మనసు నా దగ్గర లేదు. అసూయ అనుకునేరు, కాదు. ఆ పని చేయడానికే ఒకప్పుడు మేము మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్ళనూ ఏకం చేసి, సముద్రం అవతల ఉన్న వాళ్ళను కూడా విసిగించి, దాదాపు రెండేళ్ళు తంటాలు పడ్డాము.

అప్పట్లో నేను మదనపల్లె టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఆపరేటరును. తొంభైలు సగం దాటిన రోజులవి. ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి ఫోను పక్కన కాచుకుని కూర్చున్న సంగతి మీ వయసు వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. అంతకు ముందు టమోటా మండీ వాళ్ళు దూరపు ఊళ్ళ ధరలు కనుక్కోవడానికి మా ప్రాణాలు తోడేసేవారు. వీధి వీధికీ ఎస్టీడీ బూతులు వచ్చాక మా మొహం చూసిన వాళ్ళు లేరు. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని పని లేకుండా కూర్చోవడం ఎంత నరకమో కూర్చున్న వాళ్ళకే తెలుస్తుంది. అందుకని ఒక ఊరి ఆపరేటరు మరో ఊరి ఆపరేటరుతో నాలుగు కబుర్లు చెప్పుకోవడం మాలో మామూలే. ముఖాలు తెలియవు, ఒక్కోసారి పేర్లూ తెలియవు, గొంతే చుట్టరికం. మీ ఊళ్ళో వాన పడిందా, మీ అత్తగారు ఊరెళ్ళారా అని మొదలుపెట్టి ఇంటి గుట్టంతా చెప్పుకునేవాళ్ళం.

మా నాయన పుంగనూరులో టైలరు. వారమంతా మిషను తొక్కి, ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూసి, సైకిలెక్కి చెరువుకు పోయేవాడు. వెదురు కర్ర, నైలాను దారం, నెమలి ఈక కాడతో చేసిన బెండు, నూనె తీసిన చెనక్కాయ చెక్క కలిపి పిసికిన రాగి సంగటి ఎర, ఇదీ ఆయన సరంజామా. ఇంటికి తెచ్చిన చేపలు తక్కువే గానీ చేపల గురించి తెచ్చిన వార్తలు మాత్రం మోయలేనన్ని. కొరమీను తన పిల్లలను ఎట్లా కాపలా కాస్తుందో, జిలేబి చేప ఎరను మింగకుండా ఎట్లా కొరుక్కుని పోతుందో, అన్నం తింటున్నంత సేపూ చెప్పేవాడు. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ, చేపల సంగతి వద్దు చేపలు తెండి అని ఆటపట్టించేది.

ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి. చెరువు ఎండి, నెర్రెలు విచ్చి, మేకలు తిరిగే బీడయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే నాయన కుడి చేయి వణకడం మొదలుపెట్టింది. ముందు సూదిలో దారం ఎక్కలేదు, తర్వాత కాజాలు వంకర పోయాయి, చివరికి మిషనే అమ్మేశాడు. మదనపల్లె ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, మాత్రలతో కొన్నాళ్ళు అదుపులో ఉంటుందనీ, ఆ తర్వాత చేతులు ఆయన మాట వినవనీ చెప్పింది. జనంలోకి వస్తే ఆ చేతిని తువ్వాలు కింద దాచుకునేవాడు. పెళ్ళిళ్ళకు పోవడం మానేశాడు, పంక్తిలో కూర్చుంటే ముద్ద నోటికి చేరేలోగా చొక్కా మీద పడుతుందని. ఎంత శుభ్రంగా బట్టలు వేసుకునే మనిషి!

ఒకసారి మాత్రల కోసం వచ్చినప్పుడు మా ఇంటి మెట్ల మీద కూర్చుని, "ఒక్కసారి సముద్రం చేప గాలానికి పడితే ఎట్లా లాగుతాదో సూడాలమ్మా. ఈ చెయ్యి పూర్తిగా పోకముందే" అన్నాడు. జీవితంలో మమ్మల్ని ఏమీ అడగని మనిషి. మా ఆయన, వయసైన మనిషిని ఓడెక్కిస్తావా అని కోప్పడ్డాడు. నాకు కావలసింది అదే, ఎవరైనా కూడదంటే ఇక నేను ఆగను.

కుప్పంలో మా తమ్ముడికి స్టేషను దగ్గర ఎరువుల అంగడి ఉండేది. సరుకు కోసం రైల్లో మద్రాసు పోయి వస్తుండేవాడు గనక గాలాల కొనుగోలు వాడికి అప్పగించాం. వాడేమో సముద్రం ఎందుకు, పక్కనే కావేరి ఉంది, అందులో అరచేతంత పొలుసులుండే చేపలున్నాయంటారు, అక్కడికే పోదాం అన్నాడు. నాయన ససేమిరా అన్నాడు. మంచినీళ్ళ చేపను ఆయన చూశాడు గదా. చివరికి అండమాన్ అయితే ఏరూ సముద్రమూ రెండూ కుదురుతాయని తేల్చింది నేనే. ఎట్లా తెలిసిందంటారా? మద్రాసు ఆపరేటరును బతిమాలి పోర్ట్‌బ్లెయిరు కలిపించుకుంటే, అవతల శ్రీకాకుళం యాసలో ఒక ఆడగొంతు పలికింది, అక్కడి ఆపరేటరుది. వాళ్ళ తాతల కాలంలోనే అక్కడికి వలస పోయారట. మేనమామకు పడవ ఉందట. నాకు ఏనుగెక్కినంత పనయింది.

ఇక అక్కణ్ణుంచి నాయన ప్రశ్నలు మొదలయ్యాయి. ఉప్పునీళ్ళలో పుట్టిన చేపకు దప్పికైతే ఏం తాగుతుంది? రెప్పలు లేని చేప నిద్రపోతుందని ఎట్లా తెలుసుకోవడం? ఏరు సముద్రంలో కలిసే చోట ఉండే చేపకు ఏ నీళ్ళు సొంత ఊరు? నేను వాటిని మోసుకుపోయి, నన్ను అక్కా అని పిలిచే ఆ పోర్ట్‌బ్లెయిరు చెల్లెలికి చెబితే, ఆమె వాళ్ళ మామను అడిగి మర్నాడో ఆ మర్నాడో జవాబు చెప్పేది. "ఏటక్కా, ఇవాళ ఏటడిగారు నాన్నగారు?" అంటూనే లైనులోకి వచ్చేది. రెండు నీళ్ళలోనూ బతికే ఆ చేప పేరు పండుగప్ప అని చెబితే, నాయన చాలా సేపు నవ్వి, మనూరి మనిషి పేరు మాదిరుండాదే, ఎవరి కొడుకో అడగమన్నాడు. నెమలి పురి లాంటి రెక్కను నీళ్ళ పైకెత్తి ఈదే చేప ఉందని తెలిసిన నాడు ఆయనకు నిద్రే లేదు. మా సూపర్వైజరు గుడ్డు కూడా ముట్టని మనిషి, మమ్మల్ని కేకలేస్తాడని భయపడ్డాను గానీ, పొద్దున్నే వచ్చి ఈ రోజు ఏ చేప సంగతి తెలిసిందని ఆయనే అడిగేవాడు.

తమ్ముడు మద్రాసు నుంచి చక్రం బిగించిన గాలం తెచ్చాడు. దాన్ని దూరానికి విసరడం మాలో ఎవరికీ రాదు, నేర్చుకుందామంటే జిల్లాలో నీళ్ళు లేవు. సరేనని పుంగనూరు చెరువులోనే, ఆ నెర్రెల నేల మీదే నేర్చుకున్నాం. బరువుకు టమోటాలు కట్టాం, అప్పుడు మదనపల్లెలో ధర పడిపోయి రోడ్ల మీద పారబోస్తున్నారు. విసిరినప్పుడల్లా టమోటా ఎక్కడో పడి పగిలేది, మేకలు పరుగెత్తుకుని వచ్చి తినేవి. ఒక మేకలాయన చాలా సేపు చూసి చూసి దగ్గరికొచ్చి, "యాలప్పా, నీళ్ళు లేని చెరువులో గాలమేస్తాండారు? మీకేమన్నా సుస్తీనా?" అన్నాడు. తమ్ముడు సిగ్గుతో చచ్చిపోయాడు. నేను మాత్రం సముద్రానికి పోతున్నామని గొప్పగా చెప్పాను.

అయితే నాయన విసరబోతే గాలం ముందుకు పోక ఆయన తువ్వాలుకే తగులుకుంది. మళ్ళీ విసిరితే కాళ్ళ దగ్గరే పడింది. చూడటానికి చేరిన జనం నవ్వారు, చెడ్డ ఉద్దేశంతో కాదు గానీ నవ్వారు. నాయన కర్ర తమ్ముడికిచ్చి ఇంటికి నడిచిపోయాడు. రాను, మీరే పోండి అన్నాడు. తమ్ముడు కూడా, పోనీలే అక్కా, అంత దూరం తీసుకుపోయి అక్కడ అందరి ముందరా ఇదే జరిగితే ఆయన తట్టుకోలేడని మెత్తబడ్డాడు. ఇద్దరినీ తిట్టాను. తిట్టి, ఇంటికొచ్చి బాగా ఏడ్చాను. ఆ వారం నాయన ప్రశ్నలు పంపలేదు. ఏమైందక్కా అని ద్వీపం చెల్లెలు గుచ్చి గుచ్చి అడిగితే, ఎవరికీ చెప్పని ఆ చేతి సంగతంతా ఆ తీగ మీద చెప్పేశాను. మర్నాడు తనే లైను కలిపించుకుని, చేప నిద్రపోతుందో లేదో మాటల్లో చెప్పలేనని మామ అంటున్నాడనీ, వస్తే పగడాల దగ్గర పడవ ఆపి కళ్ళారా చూపిస్తాడనీ చెప్పింది. ఆ మాట నాయనకు చేరవేశాను. అంతే, మర్నాడే పుంగనూరు నుంచి బస్సెక్కి వచ్చి, ఓడ ఎప్పుడని అడిగాడు. ఆయన సిగ్గు కంటే ఆయన కుతూహలమే బలమైనది, అది మా అదృష్టం.

ముగ్గురం మద్రాసులో ఓడెక్కాం. ఓడలో తమ్ముడు వాంతులతో మంచం దిగలేదు. నాయన మాత్రం రెయిలింగు పట్టుకుని, నీళ్ళు నలుపు నుంచి నీలానికి ఎక్కడ మారుతున్నాయో కనిపెట్టడానికి రోజంతా నిలబడేవాడు. రేవులో మాకు ఎదురొచ్చిన చెల్లెలు నా భుజం దాకా కూడా రాలేదు. అంత పెద్ద గొంతు ఆ పిల్లదేనంటే నమ్మలేకపోయాను. ఒకరినొకరం చూసుకుని, ఇద్దరం నవ్వుతూ నిలబడ్డాం.

మొదట ఏరు సముద్రంలో కలిసే పాయలోకి పోయాం, రెండు పక్కలా వేళ్ళు నీళ్ళలో దింపుకున్న మడచెట్లు. నాయన పుంగనూరు నుంచి మోసుకొచ్చిన రాగిపిండితో సంగటి కెలికించి, చెక్క కలిపి, గాలానికి గుచ్చాడు. ఒక్క చేప కూడా దాని వంక చూడలేదు. ఆ నీళ్ళలో చేపలన్నీ మాంసం తినేవేనని పడవాయన, అదే ఆ చెల్లెలి మామ, ఎంత చెప్పినా, రాగి సంగటి వద్దనే ప్రాణి ఉంటుందని మా నాయన నమ్మడే! ఆ మిగిలిన పిండిని బసలో వండించుకుని, పండుగప్ప పులుసుతో మేమే తిన్నాం. అన్నంతో విసిగిపోయిన తమ్ముడికి అప్పుడు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు సముద్రం. దారిలో ఇచ్చిన మాట ప్రకారం పగడాల దగ్గర పడవ ఆపి, సందులో కదలకుండా నిద్రపోతున్న చేపను నాయనకు చూపించారు. పడవాయన విసరనక్కరలేదని, చేపముక్క గుచ్చిన గాలాన్ని నిలువునా లోతుకు దింపి కర్ర నాయన చేతికిచ్చాడు. నాయన అలవాటు చొప్పున ఎడమచేత్తో కుడిచేతిని అదిమి పట్టుకున్నాడు. అయినా అలసట వల్లనో గాభరా వల్లనో చేయి ఎన్నడూ లేనంతగా వణికింది, కర్ర కొస గజగజా ఆడింది. నేను సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను, ఆయన ముఖం చూసే ధైర్యం లేక. అప్పుడు పడవాయన వెనక నుంచి, "అదీ బాబూ, అలాగే ఆడించండి. ఎర కుదురుగా ఉంటే పారచేప నమ్మదు. మా కుర్రోళ్ళకి ఎంత చెప్పినా ఈ ఆడింపు రాదు" అన్నాడు.

నాయన ఎడమచేయి తీసేశాడు. కుడిచేతిని దాని ఇష్టానికి వదిలేశాడు. కాసేపటికి కర్ర విల్లులా వంగింది, చక్రం కీచుమంది, తమ్ముడు ఆయన నడుము పట్టుకున్నాడు, నేను అరిచాను, ఏమని అరిచానో తెలియదు. వెండిపళ్ళెం లాంటి పారచేప పైకొచ్చేసరికి నాయన చొక్కా చెమటతో తడిసిపోయింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బలం ఉండాది గానీ మన కొరమీనుకుండే తెలివి లేదు దీనికి" అన్నాడు. అని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

తిరిగొచ్చాక ఆయన తువ్వాలు భుజం మీదే ఉంచుకున్నాడు. ఆ ఏడాది కుప్పంలో మా తమ్ముడి మరదలి పెళ్ళిలో పంక్తిలో కూర్చుని, చొక్కా మీద సాంబారు పడుతున్నా పక్కవాళ్ళకు పారచేప కథ చెబుతూ తిన్నాడు. తర్వాత చేతులు డాక్టరమ్మ చెప్పినట్లే ఆయన మాట వినడం మానేశాయి, గ్లాసు కూడా మేమే పట్టాల్సి వచ్చింది. అయినా ఆయన మళ్ళీ వాటిని దాచలేదు.

ఆయన పోయి చాలా కాలమైంది. మా ఆపరేటర్ల గదికి ఎప్పుడో తాళం పడింది, నన్ను బిల్లుల కౌంటరుకు మార్చారు, ద్వీపంతో మాట తెగిపోయింది. ఇప్పుడు ఎవరికి ఏం కావాలన్నా చేతిలోనే దొరుకుతుంది, ఎవరినీ అడగనక్కరలేదు. మంచి కాలమే. కానీ అడగాల్సి వచ్చిన రోజుల్లో, ఎందుకడుగుతున్నామో కూడా అవతలి మనిషికి తెలిసిపోయేది. అన్ని ప్రశ్నలు అడిగిన మేము ఒక్కటి మాత్రం అడగలేదు. నాయన చేతి సంగతి ఆ చెల్లెలు వాళ్ళ మామకు ముందే చెప్పిందా? ఆయన పడవలో అన్న మాట చేపను చూసి అన్నదా, మా నాయనను చూసి అన్నదా? రేవులో పడవ దిగేటప్పుడు నోటి దాకా వచ్చింది, మింగేశాను. అడగకపోవడమే మేలైందని నా మనసుకు తెలుసు. అయినా ఆ చెల్లెలి గొంతు ఒక్కసారి పలికితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.