ఉప్పల్ బస్టాపులో రెండు వేణువులు

ఆ మధ్యాహ్నం నేను ఎక్కడి నుంచి వస్తున్నానో ఇక్కడ అనవసరం. ఉప్పల్ బస్టాపులో కూర్చున్నాను. పక్కనున్న మనిషి ఒళ్లో రెండు వెదురు వేణువులున్నాయి.

"నాచారంల ఫ్యాక్టరీల జేస్త సార్. నేర్సుకున్న పిల్లంగోవి ఇగ సాల్తలేదు. షాపాయన పొద్దుమీకిదాక సూసుకొమ్మని గీ రెండిచ్చిండు. ఒకటి మస్తు పిరం. అగ్గువది కొంటే మిగిలిన పైసలతోని మూడు నెలలు పాఠం చెప్పించుకోవచ్చు. ఏం జెయ్యాల్నో సమజైతలేదు."

జీవితమంతా వాదాల్లో గడిపినవాణ్ని. అలవాటుగా నోరు తెరుచుకుంది.

"ధరను నమ్మొద్దు. నేను కళ్లు మూసుకుంటాను. ఏది ఏదో చెప్పకుండా రెండిటి మీదా ఒకే స్వరం వాయించండి."

"గిదేదో మంచిగుంది సార్."

వాయించాడు. ఆగి మళ్లీ వాయించాడు. రెండుసార్లూ నా చెవికేమీ ఎక్కలేదు. ఆ రోజు మనసు ఇంకెక్కడో ఉంది; నా చెవులు దాటి ఏదీ లోపలికి రావడం లేదు.

"ఏది బాగుంది సార్?"

"రెండోది," అన్నాను.

కళ్లు తెరిచేసరికి అతను నవ్వుతున్నాడు. "పిరందే! నాకైతే రెండు ఒక్కతీర్గనే ఇనొచ్చినయ్. మీరు గాబట్టి పట్టిన్రు. పాఠాల సంగతి మల్ల సూద్దాం. అగ్గువది గిప్పుడే వాపసిచ్చొస్త."

అతను రోడ్డు దాటేలోగా పిలిచి నిజం చెప్పొచ్చు. మెట్రో స్తంభం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి దండం పెట్టాడు. నేనూ చెయ్యెత్తాను.

ఆ ఆదివారం ఒక సభలో మాట్లాడాను. తెలియనప్పుడు తెలియదని చెప్పడమే హేతువాదానికి మొదటి మెట్టు అన్నాను. చప్పట్లు కొట్టారు.