పనైంది

కరోనా ఏడాదిలో నా ఉద్యోగం నిలబెట్టింది ఒక ఇథియోపియా అమ్మాయి. ఈ మాట చెబితే మా గుంటూరు చుట్టాలు నమ్మరు. నమ్మకపోతే మానేయమనండి, నాకేం పోయింది.

నాచారంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఆ అమ్మాయి మన ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద పీహెచ్‌డీ చేయడానికి వచ్చింది. లాక్‌డౌన్‌లో హాస్టల్ మూసేశారు. మిగతా పిల్లలంతా ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఈమె వెళ్దామంటే విమానాలు లేవు. తెలిసినవాళ్ళు అడిగితే మా మేడమీద గది ఇచ్చాను. వీధిలో కొందరు మొహం చిట్లించారు. ఎదురుగా పిండిగిర్ని నడిపే ఆవిడ మాత్రం, "ఎవరైతేంది టీచరమ్మా, గీ కాలంల ఆడపిల్ల యాడికి పోతది?" అంది. వాళ్ళది భువనగిరి వైపు. మొహమాటం ఆవిడ ఇంటా వంటా లేదు.

మా స్కూలు ఆన్‌లైన్ క్లాసులు మొదలుపెట్టింది. చెప్పలేనివాళ్ళు ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోవచ్చని ముందే చెప్పేశారు. మొదటి రోజు భిన్నాలు గొంతు చించుకుని చెప్పాను. తెరమీద పిల్లలు చేతులు ఊపుతుంటే, అబ్బ, ఎంత బాగా అర్థమవుతోందో అని మురిసిపోయాను. మెట్లు దిగుతున్న ఆ అమ్మాయి కిటికీలోంచి చూసి కేకేసింది. "ఆంటీ! మైకు బంద్ ఉంది!"

ఆ రోజు నుంచి క్లాసు మొదలయ్యే వేళకి మాస్కు పెట్టుకుని కిటికీ అవతల నిలబడేది. "జర ఆగు ఆంటీ, గిట్ల నొక్కాలె" అంటూ నేర్పేది. గిర్ని దగ్గర నేర్చిన తెలుగు మరి. మా గుంటూరు తెలుగు ఆమెకు ఎక్కనే లేదు. ఒక్కనాడూ విసుక్కోలేదు. మా పిల్లలకి నేనే అంత ఓపిగ్గా ఎప్పుడూ చెప్పలేదు.

కొన్ని నెలలకి ఆమె థీసిస్ ఇచ్చేసింది. ఇక మిగిలింది వైవా. స్కాలర్‌షిప్ గడువు ముగుస్తోంది, వాళ్ళ దేశానికి విమానంలో చోటు కూడా దొరికింది. ఆలోగా వైవా గట్టెక్కితే డాక్టరేట్‌తో వెళ్తుంది. లేకపోతే అన్నేళ్ళ చదువూ ఇక్కడే వదిలేసి, ఉత్త చేతులతో వెళ్ళాలి.

ఆన్‌లైన్ వైవా రోజు, సిగ్నల్ బాగుంటుందని మా ముందుగదిలో కూర్చోబెట్టాను. కుక్కర్ కూత వినబడకూడదని పప్పు పొయ్యిమీద పెట్టలేదు. అసలు భయం ఎదురుగా ఉన్న గిర్ని గురించే. ఆవిడని అడగబోయేసరికి అప్పటికే ఆపేసి స్టూలు మీద కూర్చుని ఉంది. ఎండుమిరపకాయల సంచులతో వచ్చినవాళ్ళని, "మా పిల్లకి పరీక్షుంది, సంచి గీడ వెట్టి మధ్యాన్నం రా పో" అని తిప్పి పంపుతోంది. మైకు పెట్టుకుని కూరగాయల ఆటో వస్తే ఎదురెళ్ళి ఆపింది. "బంద్ చెయ్యన్నా! ఒక్కపూట అరవకుంటే టమాటలు కుళ్ళుతయా?"

నేను మెట్ల మీద కూర్చుని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. మా వీధి అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ముక్కు మీదిదాకా మాస్కు, పైన నీళ్ళు నిండిన కళ్ళు.

"ఆంటీ, అక్కా," అంది ఆ అమ్మాయి, "నా పని అయిపోయింది."

గిర్ని ఆవిడ నెత్తి కొట్టుకుంటూ రోడ్డు దాటి వచ్చేసింది. "అయ్యో బిడ్డా! గా సార్ల నోట్ల మన్నువడ!" నేను దూరం గీరం మరిచిపోయి ఆ పిల్లని దగ్గరికి తీసుకుని, "పోనీలే తల్లీ, చదువొక్కటే బతుకా" అని మొదలుపెట్టాను. ఏళ్ళ తరబడి చదువే బతుకని పిల్లల్ని దంచిన నోటితోనే.

ఆమె మా ఇద్దర్నీ వింతగా చూసింది. మాస్కు కిందికి లాగింది. మొహమంతా నవ్వు.

"పాస్ ఆంటీ! పాస్! పని మొత్తం అయిపోయింది!"

గిర్ని ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే తిట్టింది. "గట్లనొద్దే పిల్లా! నా పని అయిపోయిందంటే మునిగినట్టు. పనైంది అనాలె. ఏది, అను?"

"పనైంది."

"ఆఁ. గట్ల."

వెళ్ళి గిర్ని ఆన్ చేసింది. మిరపకాయల ఘాటుకి వీధి వీధంతా తుమ్మింది. ఆ ఒక్కరోజూ తుమ్ముకి ఎవరూ భయపడలేదు.

ఆమె వెళ్ళే ఉదయం, గిర్ని ఆవిడ రాగిపిండి పొట్లం తెచ్చి బ్యాగులో కుక్కింది. నేను చెప్పాల్సింది చాలా ఉంది. నువ్వు లేకపోతే నేనీపాటికి ఇంట్లో కూర్చునేదాన్నని, నీలాంటి టీచరు నాకు చిన్నప్పుడు దొరికి ఉంటే బాగుండేదని. నోరు తెరిచి, "పాస్‌పోర్టు పెట్టుకున్నావా?" అన్నాను.

"పెట్టుకున్న ఆంటీ. పనైంది. పోయొస్త," అంది.

తప్పులేని తెలుగు. క్యాబ్ ఉప్పల్ వైపు తిరిగింది. క్లాసు వేళవుతోంది. లోపలికెళ్ళి మైకు ఆన్ చేయాలి, అది నాకిప్పుడు బాగానే వచ్చు. కాళ్ళే కదల్లేదు.

"పోయిందా పిల్ల?" అడిగింది గిర్ని ఆవిడ.

"పోయింది. నా పని అయిపోయింది," అన్నాను.

ఆ పిల్ల మాట గుర్తొచ్చి ఆవిడ పకపకా నవ్వింది. నేనూ నవ్వుతున్నాననే అనుకుని ఉంటుంది. నాకు మాస్కు ఉంది కదా.