జపాన్ ఆంటీ బొమ్మలకు బొట్టు

సాయంత్రం దీపం పెడదామని పూజ అలమర తెరిస్తే కుంకుమ భరిణె లేదు. పడకగది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మంచం మీద ఎదురింటి జపాన్ ఆవిడ బొమ్మల కాగితాలు ఆరుతున్నాయని గుర్తొచ్చింది. చేతిలో ఇంకా గీయని అగ్గిపుల్లతోనే పరుగెత్తాను.

భయపడ్డంతా అయింది. ఐదేళ్ల పెద్దది భరిణెతో మంచమెక్కి కూర్చుంది. మూడేళ్ల చిన్నది పక్కన నిలబడి, "అక్కా, ఇక్కడ కూడా ఉంది" అని వేలు పెట్టి చూపిస్తోంది.

"ఏం చేశారే!"

"ఈ అక్క మొహం బోసిగా ఉందమ్మా. బొట్టు పెడుతున్నా," అంది పెద్దది, నేను వచ్చి పని చెడగొట్టినట్టు.

మస్కట్‌లో ఆవిడా మేమూ ఎదురెదురు వాటాల్లో ఉంటున్నాం. మా ఇద్దరి భర్తలూ ఒకే కంపెనీలో ఇంజనీర్లు. ఆవిడ పద్దెనిమిదో ఏట టోక్యోలో ఒక పేరున్న చిత్రకారిణి దగ్గర చేరి, రెండేళ్లు ఆమె బొమ్మల జుట్టుకు నల్లసిరా నింపే పనే చేసిందట. తర్వాత సొంతంగా బొమ్మల కథలు వేసి ఆడపిల్లల పత్రికలో పేరు తెచ్చుకుంది. వాళ్ల భాషలో దాన్ని మాంగా అంటారు. పెళ్లయి ఒమన్ రావడంతో ఆ పని ఆగిపోయింది. మూడేళ్లకు పాత సంపాదకుడు ఉత్తరం రాశాడు. పదహారు పేజీల కథ పంపితే, బాగుంటే నెలనెలా వేస్తాం, గడువు దాటితే ఆ చోటు ఇంకొకరిదే అని. ఈ బొట్లు పడ్డ మర్నాడు పొద్దున్నే జపాన్ విమానమెక్కే కంపెనీ మనిషికి ఆ కాగితాల కట్ట ఇవ్వాలి. వాళ్ల ఏసీ పాడై, గాలిలో చెమ్మకు సిరా ఆరక, మా గదిలో పరిచి వెళ్లింది. "మా ఇంట్లో భద్రం" అన్నది నేనే.

ఇంతలో ఆవిడే తలుపు తట్టింది. వచ్చి చూసింది. ఒక్కో కాగితం ఎత్తి ఊదింది. పొడి రాలింది, ఎర్రమరక ఉండిపోయింది.

"అచ్చులో ఎరుపు నల్లగా పడుతుంది," అంది తన ముక్కల ఇంగ్లీషులో. ఒకదాని మీద తెల్లరంగు పూస్తే గులాబీ రంగు తేలింది. ఇలాంటి మొహాలు ఇరవై. మళ్లీ గీయాలంటే వారం పడుతుంది.

ఇదెందుకు పెట్టిందని అడిగింది. మా దగ్గర ఆడపిల్ల నుదురు ఖాళీగా ఉంచరని చెప్పాను. ఆవిడ నా బొట్టు వంక చూసింది.

"అయితే నా కథలో పిల్లకి నుదుటి మీద పుట్టుమచ్చ ఉంది. మొదటి పేజీ నుంచీ ఉంది," అంది.

కుంచెతో నాలుగు మచ్చలు పెట్టింది. నాలుగూ నాలుగు సైజుల్లో వచ్చాయి. వారం రోజులుగా నిద్రలేని చెయ్యి అది. అప్పుడు నా చేతిలోని అగ్గిపుల్ల గుర్తొచ్చింది. స్కూలు రోజుల నుంచీ అద్దం ముందు తిలకం పెట్టుకునేది ఇలాంటి పుల్లతోనే. సిరాలో ముంచి కుంకుమ మరక మీద ఆనించాను. గుండ్రంగా, బుద్ధిగా కూర్చుంది. చిన్న మొహాలకు పుల్లను సన్నగా చెక్కుకున్నాను.

"టోక్యోలో ఉంటే నిన్ను నా దగ్గర పనికి పెట్టుకునేదాన్ని," అంది ఆవిడ.

"జుట్టు నింపడం కూడా నేర్పు. ముందు ఊపిరి పీల్చుకోనీ."

డ్యూటీ నుంచి వచ్చిన మావారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"జపాన్ వాళ్లని కూడా బొట్టు పెట్టి పిలుస్తున్నావన్నమాట!"

"తలుపెయ్యండి, ఏసీ పోతుంది. కాఫీ తర్వాత."

మరక పడని మొహాలక్కూడా మచ్చ పెట్టాలిగా, మొత్తం నలభైమూడు మొహాలు. కట్ట కట్టి పంపాక కూడా నాకు నిద్ర పట్టలేదు. ఆ మచ్చ సంపాదకుడికి నచ్చకపోతే? ఆవిడ మూడేళ్ల ఎదురుచూపు నా పిల్లల వల్ల పోతే? కథ నచ్చిందన్న ఉత్తరం రెండు నెలలకు గానీ రాలేదు. ఇప్పుడు పిల్లల్ని పడుకోబెట్టి ఇది రాస్తుంటే, మచ్చపిల్ల కథ అచ్చయిన నాలుగో సంచిక నా పక్కనే ఉంది.

కట్ట పంపిన ఆ పొద్దున మాత్రం అవేవీ తెలియవు. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"ఆంటీ కాగితాలు అడగకుండా ముట్టుకోకూడదు. అడిగినా చేతులు కడుక్కున్నాకే."

"మరి ఆ అక్క బొట్టు చెరిపేశారా?" అంది పెద్దది, ఏడుపు మొహంతో.

"లేదమ్మా, ఉంచాం. ఇక ఆ అక్కకి రోజూ ఆంటీయే పెడుతుంది," అన్నాను.