మడతలక్క గోరు

గ్లౌజుల్లోని వేళ్లు నాణెమంత వెడల్పున్న పలుచని పొరను బియ్యపు గింజంత సన్నగా మడుస్తున్నాయి. ఆ పొర గొట్టంలో దూరి, రక్తనాళం గుండా వెళ్లి, ఓ పసిపాప గుండెలో విచ్చుకుని చిల్లును మూయాలి. వైద్య పరికరాల వర్క్‌షాపులో ఆ ఇంజనీరును అందరూ మడతలక్క అంటారు. బస్సు టికెట్టునైనా కొంగగా మడవకుండా పారేయదు. మడత పదునుగా రావడానికే కుడి బొటనవేలి గోరు పెంచుకుంది. ఈసారి పొర నీళ్లలో ముచ్చటగా విచ్చుకుంది గానీ, గోరు నడిచిన గీత వెంట చిట్లింది. ఆమె భూతద్దంలోంచి చాలాసేపు చూసి, గ్లౌజు తీసి కత్తెర అందుకుంది.

"పొర కత్తిరిస్తావా అక్కా?" అన్నాడు గొట్టాలు పరీక్షించే సహోద్యోగి.

"గోరు."

"బావగారు ఎంత బతిమాలినా తియ్యలేదుగా!"

"ఆయన అడిగితే ఎందుకు తీస్తాను? ఇది పాప అడిగింది."

గ్లౌజు మళ్లీ తొడుక్కుని, కొత్త పొరను వేలికొసతో, నిద్రపోతున్న బిడ్డ చెయ్యి ముడిచినంత మెత్తగా మడిచింది. నీళ్లలో విప్పి చూస్తే ఎక్కడా గీత లేదు. మళ్లీ అలాగే మడిచి గొట్టంలో దూర్చింది.

"లోపల తెరుచుకుంటుందా?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ సర్జన్.

"తెరుచుకుంటుంది," అని గొట్టాన్ని ఆయన చేతిలో పెట్టింది.