బోగోల్యుబ్ గారి జ్ఞానస్నానాలు

మా కాలేజీకి అధ్యాపకులను వెతికి తేవడం, తీర్చిదిద్దడం, చెయ్యిజారిపోకుండా చూసుకోవడం వైస్ డీన్ బోగోల్యుబ్ గారి పని. ఆయనకున్నది ఒకటే పిచ్చి. ఊళ్లో ఎక్కడ బిడ్డ పుట్టినా, మా అధ్యాపకుల్లో ఒకరిని, చర్చిలో జ్ఞానస్నానం నాడు ఆ బిడ్డను ఎత్తుకునే జ్ఞానతండ్రినో జ్ఞానతల్లినో చేసెయ్యాలి.

మా సెర్బియాలో బిడ్డ తండ్రి యాపిల్ పండూ, ప్లమ్ సారా సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడి అడిగితే, కాదనడం ఉండదు. కాదన్నవాడి ముఖం ఎవరూ చూడరు. ఔనన్నవాడు చచ్చేదాకా ఆ ఇంటి మనిషి. ఇంటిమనిషి ఊరొదిలి ఎక్కడికి పోతాడు? మొరావా నది ఒడ్డున, ఆగాలా వద్దా అని రైలు కూడా ఆలోచించుకునే ఊళ్లో కాలేజీ నడపడానికి ఆయనకు ఇంతకంటే మంచి దారి దొరకలేదు.

ఇంటర్వ్యూలకు నేను లైబ్రేరియన్ హోదాలో ఒక మూల కూర్చునేదాన్ని. ఒకసారి రసాయనశాస్త్రం కుర్రాడొకడు చెమటలు కక్కుతూ తన పరిశోధన గురించి చెబుతున్నాడు. బోగోల్యుబ్ గారు సోఫా మీది దిండు తీసి అతని చేతుల్లో పెట్టారు.

"ఏంటండీ ఇది?"

"నెలల బిడ్డ. మెడ పట్టుకోవోయ్, మెడ! అయ్యయ్యో, వాల్చేశావు."

"సార్, నా పరిశోధన..."

"అదెక్కడికీ పోదులే. ముందు బిడ్డ సంగతి చూడు."

రెండో ప్రయత్నంలో బిడ్డ బతికింది. కుర్రాడికి ఉద్యోగం వచ్చింది.

వేసవి శిక్షణ తరగతులదీ అదే వరస. బోర్డు మీద 'బోధనా పద్ధతులు' అని రాసి, అందరి చేతుల్లో కొవ్వొత్తులు పెట్టేవారు. "నెత్తిన నీళ్లు పడి గుక్కపట్టిన పసిదాన్ని ఊరుకోబెట్టగలిగితే, మొదటి సంవత్సరం క్లాసు మీకో లెక్కా?" అనేవారు. తమాషా ఏమిటంటే, ఆ తర్వాత క్లాసులు నిజంగానే సద్దుమణిగేవి.

లాటిన్ చెప్పే గ్వోజ్దెన్ మాస్టారికి బెల్‌గ్రేడ్‌లో ఉద్యోగం వచ్చినట్టు పొద్దున్న తెలిసింది. సాయంత్రానికి పోస్ట్‌మ్యాన్ ఆయన గుమ్మంలో ఉన్నాడు.

"కవలలు మాస్టారూ. అందుకే రెండు యాపిల్స్."

చర్చిలో చేతికో కొవ్వొత్తి పట్టుకుని నిలబడి ఆయన గడ్డం సగం కాల్చుకున్నాడు. మిగిలిన సగం మా ఊళ్లోనే తెల్లబడింది.

దాంతో మావాళ్లకు భయం పట్టుకుంది. ఉద్యోగం మారే ఆలోచన ఉన్నవాళ్లు బజారులో నిండు చూలాలు ఎదురైతే చటుక్కున సందులోకి తిరిగిపోయేవారు.

అలాంటి రోజుల్లో భౌతికశాస్త్రం యెలిసావెతకు నోవీ సాద్‌లో ప్రయోగశాల ఉద్యోగం వచ్చింది. చదువుకునే రోజులనుంచీ కలగన్న ఉద్యోగం. నాకు చెప్పి, వెంటనే నా నోరు తన చేత్తో మూసింది.

"ఆయన చెవిన పడనీకక్కా. నేను పోతే భౌతికశాస్త్రం విభాగమే మూసేస్తారు, ఆయన నన్నొదలరు. పైగా బేకరీ నడిపే రాదోయే భార్యకి ఇవాళో రేపో అంటున్నారు!"

"రొట్టె కొనడం మానెయ్."

"ఎప్పుడో మానేశాను. బిస్కెట్లు తిని బతుకుతున్నా."

బేకరీలో ఆడపిల్ల పుట్టింది. మర్నాడు జుట్టునిండా పిండితో రాదోయే కాలేజీ గేటు దాటాడు. ఒక చేతిలో యాపిల్, ఒక చేతిలో సీసా. కిటికీలోంచి చూసిన యెలిసావెత ఒక్క పరుగున లైబ్రరీకి వచ్చి నా బల్ల కింద దూరింది.

"ఇక్కడికే వచ్చావేం?"

"ఇక్కడికెవరూ రారుగా!"

నొచ్చుకునే తీరిక కూడా దొరకలేదు నాకు. రాదోయే, అతని వెనకే పరుగున బోగోల్యుబ్ గారు రానే వచ్చారు.

"బయటికి రా అమ్మాయ్. బూట్లు కనబడుతున్నాయి."

తలనిండా దుమ్ముతో, ఉరి తీయబోతున్నట్టు ముఖం పెట్టి యెలిసావెత నిలబడింది. రాదోయే యాపిల్ ముందుకు చాపి నోరు తెరిచాడు.

"ఆగవోయ్!" అని కేకేశారు బోగోల్యుబ్ గారు. "అడిగేవు గనక! అడిగితే ఈ అమ్మాయి కాదనలేదు. ఆ పండు జేబులో పెట్టు."

"ఈ అమ్మాయినే అడుగుదామని వచ్చానండీ..."

"తెలిసే నీ వెనక పరిగెత్తుకొచ్చాను. జ్ఞానస్నానం ఒక నెల ఆపు. ఈవిడ బదులు కొత్త కుర్రాడు వస్తున్నాడు. నీ పిల్లని వాడికి అట్టేపెట్టాను."

"మంచివాడేనా అండీ?"

"దిండుని జో కొట్టాడయ్యా! ఇంకేం కావాలి?"

యెలిసావెత ఆయనకేసి తిరిగింది. "నేను వెళ్లిపోతున్నట్టు మీకెవరు చెప్పారు?"

"ఊళ్లో రొట్టె మానేసినదానివి నువ్వొక్కదానివే. ఆమాత్రం తెలీదా?"

"మరి నన్ను ఆపరా?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఆపడమేంటి? నేనీ ఊరొచ్చిన కొత్తలో ఏ ఇంట్లో ఆ ఇంటిని కాచే పునీతుడి పండగైనా పాటలు నా గదిలోకి వినబడేవి. ఆ పండగకి ఎవరినీ పిలవరు కదా, అయినవాళ్లే వెళ్తారు. నేనెవరికీ అయినవాణ్ణి కాను. గుడ్డు ఉడకబెట్టుకు తినేవాణ్ణి. మనిషికి పిలవకుండా వెళ్లి కూర్చునే ఇల్లు ఒకటుండాలమ్మాయ్. అది చూపించడమే నా పని. అప్పుడు ఉండేవాడు ఉంటాడు, పోయేవాడు పోతాడు."

ఎప్పుడొచ్చి కూర్చున్నారో, మూల బల్ల దగ్గర పుస్తకం వెనకనుంచి గ్వోజ్దెన్ మాస్టారి గొంతు లేచింది. "మరి నాకు కవలలెందుకండీ?"

"నీ ముఖానికి ఒక ఇల్లు సరిపోదయ్యా!"

యెలిసావెత నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ వారమే బస్సెక్కింది. నోవీ సాద్‌లో ఆమెకు పిల్లీ తెలీదు, పిట్టా తెలీదు. ఎలా ఉందో ఏమిటో అనుకుంటుండగా, ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"అక్కా! పొద్దున్న ఎవరో తలుపు కొట్టారు. ముక్కూమొహం తెలీని మనిషి. చేతిలో యాపిల్, సారా సీసా! బోగోల్యుబ్ గారు చెప్పారట, నేనొస్తున్నానని!"

"ఓరి దేవుడా! ఏం చేశావే?"

"అడిగాక ఏం చేస్తాను? వాళ్లింట్లోంచే మాట్లాడుతున్నా. వద్దంటున్నా మళ్లీ వడ్డిస్తున్నారు, ఫోన్ పెట్టేస్తానక్కా!"