గీతలు పడని డిస్కు

మదనపల్లె కరెంటాఫీసులో గుమాస్తా నాగభూషణానికి అంగళ్లలో దొరకని సినిమా డిస్కులంటే పిచ్చి. ఈ పక్క పల్లెల్లో తీసిన ఒక సినిమాకు, పనిచేసినోళ్లకు మాత్రమే పంచిన డిస్కు ఉందనీ, థియేటర్లో కోసేసిన సీన్లన్నీ అందులో ఉన్నాయనీ విని రెండేళ్లు వెతికాడు. చివరికి అది పుంగనూరులో మునెమ్మ ఇంట్లో తేలింది. ఆమె భర్త రెడ్డెప్ప ఆ షూటింగులో ఎద్దులబండి తోలాడు. ఆయన పోయి ఆరేళ్లు. ఇంట్లో ప్లేయరు లేక ఆ డిస్కును ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

అడిగితే ఇవ్వదేమోనని నాగభూషణం దాన్ని వెలుతురుకు పట్టి చూసి, “గీతలు పడిపోయినాయమ్మా, ఇంక ఆడదు. నేను తీసుకుపోతా” అన్నాడు. మునెమ్మ సరేనని తలూపింది.

ఇంటికొచ్చి పెడితే డిస్కు శుభ్రంగా ఆడింది. ఒక సీనులో బండి మీద నిలబడి రెడ్డెప్ప పకపకా నవ్వుతున్నాడు. మునెమ్మ ఇంట్లో గోడ మీది ఫోటోలో చూసిన ముఖమే. నాగభూషణం అక్కడే డిస్కు ఆపేశాడు.

మూడోనాడు డిస్కూ ల్యాప్‌టాపూ తీసుకుని పుంగనూరు బస్సెక్కాడు. అతను ఆ సీను పెట్టి చూపిస్తే మునెమ్మ తెర మీద మొగుణ్ణి వేలితో తడిమింది.

“బాగు చేసుకోనొచ్చినావా అప్పా? నీ కడుపు సల్లగుండ!”

ఆ దీవెన అతనికి వాత పెట్టినట్టయింది. “ముందునించీ బాగానే ఉండాదమ్మా. నేనే అబద్ధం చెప్పినా” అన్నాడు తల వంచుకుని.

ఆమె తెర మీది నుంచి వేలు తీసేసింది. “అడిగింటే ఇచ్చేదాన్ని కదప్పా. అబద్ధం యాల?” అంది.

అతను డిస్కు తీసి ఆమె చేతిలో పెట్టాడు. వారంలోపే పాత ప్లేయరొకటి తెచ్చి ఆమె టీవీకి తగిలించాడు. మునెమ్మ కాఫీ ఇచ్చింది. తాగాడు గానీ ఆమె ముఖం చూడలేకపోయాడు.